దత్త మండలాలలో థామస్ మన్రో

క్రీ.శ. 1800 అక్టోబరు 12న హైదరాబాదులో నిజాం అలీఖాన్‌కు, ఈస్టిండియా కంపెనీకి మధ్య ఒక ఒడంబడిక జరిగింది. అంతకు రెండేళ్ళ క్రితమే, 1798 సంధి ప్రకారం, ఆరు పటాలాల కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో రాజ్యంలో ఉంచుకొనడానికి నిజాం ఒప్పుకొన్నాడు. అందుకు సాలీనా 24,17,100 రూపాయలు చెల్లించవలసి ఉండేది. 1800లో ఆ సైన్యం ఎనిమిది పటాలాల కాల్బలంగా, రెండు రెజిమెంట్ల ఆశ్విక దళంగా పెరిగింది. పెరిగిన ఖర్చుకు ఇక నగదు అక్కరలేదనీ, దానికి బదులు భూములు కావాలనీ కంపెనీ కోరింది. టిప్పూ సుల్తాన్‌తో జరిగిన 1792, 1799 యుద్ధాలలో నిజాం వాటాకు వచ్చిన భూములన్నీ ఆ విధంగా శాశ్వతంగా కంపెనీ పరమయ్యాయి. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలు ప్రాంతంలో చాలా భాగం వీటిలో ఉన్నాయి. కర్నూలు నవాబు చెల్లించే పేష్కష్ కూడా కంపెనీకే దఖలు పడింది. ఇచ్చిన సీమలు గనుక ప్రజలు వాటిని దత్త మండలాలన్నారు. రాయలసీమ అనే పేరు 1928 తరువాత వచ్చినది.

గోదావరి తీరాన ఉన్న రామగుండం, పెద్దపల్లి, మంథని ప్రాంతాలు ఎలగందుల సర్కారులో భాగంగా నిజాం వద్దనే ఉండిపోయాయి. ఒకే భాష మాట్లాడే ప్రజలు ఆనాటి నుండి 1956 వరకు రెండు వేర్వేరు పాలనల కింద బతికారు. ఇవతలి పాలన ఎలాంటిదో తెలంగాణ ప్రజలు ఎరుగుదురు. అవతలి పాలనకు పునాది వేసినవాడు పుట్టుకతో దొర కాదు, చదువుతో న్యాయవేత్త కాదు. అతడొక సిపాయి. పేరు థామస్ మన్రో.

ఆ సంధిని కుదిర్చిన రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ కూడా సైన్యం నుండి వచ్చినవాడే. ఇస్లాం స్వీకరించి హైదరాబాదు ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నిసా బేగంను నికాహ్ చేసుకున్న వ్యక్తిగా అతని కథ ప్రసిద్ధం. అతని ప్రేమ నిజమైనదే కావచ్చు. కాని నిజాం రాజ్యం నుండి ఇన్ని జిల్లాలను కోసివేసిన పత్రం అతని చేతి మీదుగానే నడిచిందన్న సంగతి ఆ ప్రేమకథ చెప్పేవారికి తరచుగా గుర్తుండదు.

సిపాయిని పాలకునిగా నియమించడం ఇంగ్లీషువారు కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. స్పెయిన్ తన అమెరికా వలసలలోను, ఫిలిప్పీన్స్‌లోను గవర్నరుకే సేనాధిపత్యం కూడా అప్పగించేది. శిస్తు లెక్క, తుపాకి ఒకే చేతిలో ఉండేవి. ఫిలిప్పీన్స్ దక్షిణ దీవులలోని ముస్లిం సుల్తానత్‌లు ఆ పాలనను శతాబ్దాల తరబడి ఎదిరించాయి. కంపెనీ మాత్రం మొదట వర్తక సంస్థ. దాని గుమస్తాలకు బేరం తెలుసు, ఊళ్ళు తెలియవు. అందుకే 1792లో టిప్పూ నుండి బారామహల్ ప్రాంతం చేతికి వచ్చినప్పుడు గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ మద్రాసు సివిల్ ఉద్యోగులను పక్కన పెట్టాడు. దేశభాషలు తెలిసినవారు వారిలో లేరన్నది అతని ఫిర్యాదు. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను, అతనికి సహాయకులుగా మరి కొందరు సైనికాధికారులను అక్కడికి పంపాడు. వారిలో మన్రో ఒకడు.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం కుప్పకూలింది. కుటుంబం చితికిపోగా కొడుకు కంపెనీ సైన్యంలో చేరి 1780 జనవరిలో మద్రాసు చేరాడు. ఆ ఏడే హైదర్ అలీ కర్ణాటకం మీదికి వచ్చాడు. సెప్టెంబరులో పొల్లిలూరు వద్ద కర్నల్ బెయిలీ సేన తుడిచిపెట్టుకుపోయింది. దానికి సాయంగా వెళ్ళవలసిన సైన్యం మద్రాసుకు వెనుదిరిగింది. పందొమ్మిదేళ్ళ మన్రో ఆ తిరుగుముఖం పట్టిన సైన్యంలోనే ఉన్నాడు. మైసూరు సుల్తానులను ఇంగ్లండు పుస్తకాలలో చదివి కాక, ఎదుట నిలిచి తెలుసుకున్నవాడు గనుకనే కాబోలు, వారి సైన్య నిర్వహణను గురించి అతడు ఎన్నడూ తేలికగా మాట్లాడలేదు.

యుద్ధాలు లేని సంవత్సరాలలో అతడు పేదరికంలో కాలం గడిపాడు. జీతం చాలని చిన్న అధికారికి సరైన పడక కూడా కరువేనని సోదరికి రాసిన ఉత్తరాలలో నవ్వుతూ చెప్పుకున్నాడు. ఆ తీరిక కాలంలో హిందుస్తానీ, ఫార్సీ భాషలు నేర్చాడు. ఒక ఫార్సీ రాతప్రతిలో అతనికొక కథ దొరికింది. అప్పు తీర్చలేని పేద ముసల్మాను శరీరం నుండి మాంసం కోసుకొనే షరతు పెట్టిన వడ్డీ వ్యాపారి కథ, దానిని ఖాజీ తీర్చిన విధం అందులో ఉన్నాయి. షేక్స్‌పియర్ నాటకంలోని షైలాకు కథకు ఇది దగ్గర బంధువని గ్రహించి మన్రో దానిని ఇంగ్లీషులోకి మార్చి పంపాడు. షేక్స్‌పియర్ పండితుడు మలోన్ దానిని అచ్చు వేశాడు. ఫార్సీ ఆనాడు దర్బారు భాష మాత్రమే కాదు, లెక్కల భాష కూడా. జమాబందీ, తహసీలు, ఇనాము, పట్టా వంటి మాటలు నేటికీ తెలుగు పల్లెలలో వినబడుతున్నాయంటే, మన్రో వంటివారు ముస్లిం పాలకుల నాటి రెవెన్యూ యంత్రాన్ని కూలదోయక, దాని మీదనే కూర్చున్నారన్న మాట.

బారామహల్‌లో ఏడేళ్ళు, కెనరాలో కొద్దికాలం పనిచేసిన తరువాత 1800 చివరలో మన్రో దత్త మండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. అతని కింద నలుగురు సహాయకులు. సీమ అంతా కలిపి దాదాపు ఇరవై లక్షల జనాభా. విజయనగరం తరువాత బీజాపూరు, గోల్కొండ, మొగలులు, కడప నవాబులు, హైదర్, టిప్పూ, నిజాం, ఇలా ఒకరి తరువాత ఒకరుగా ఏలినవారు మారుతూ వచ్చిన నేల అది. మారిన ప్రతిసారీ నడుమ ఉన్న పాళెగాళ్ళు బలపడ్డారు. మన్రో వచ్చేనాటికి వారు ఎనభైమంది. ఒక్కొక్కరికి ఒక కోట, కొంత సాయుధ బలం ఉండేవి. నిజాం అధికారులు గుత్తలకిచ్చి పల్లెలను పిండారని మన్రో తన నివేదికలలో రాశాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని కొత్తగా వచ్చిన ప్రతి పాలకుడూ పాత పాలకుని గురించి అలాగే రాస్తాడన్నది కూడా మరువరాదు.

పాళెగాళ్ళ విషయంలో అతడు పూర్తిగా సిపాయి. వారి నుండి శిస్తును హెచ్చుగా అడగడం, కట్టలేకపోతే ఆ మిషతో సాయుధ బలాన్ని రద్దు చేయడం, తిరగబడితే జనరల్ డుగాల్డ్ కాంబెల్ సైన్యాన్ని పంపడం అతని పద్ధతి. 1801లో ఆదోని ప్రాంతంలోని తెర్నేకల్లు గ్రామం తహసీలుదారును చంపి తలుపులు మూసుకుంది. కంపెనీ సైన్యం మొదటి దాడిలో దెబ్బ తిని వెనక్కు తగ్గి, ఫిరంగులతో మళ్ళీ వచ్చి గాని దానిని లోబరచుకోలేకపోయింది. ఒకటి రెండేళ్ళలో పాళెగాళ్ళలో అనేకులు పింఛనుదార్లయ్యారు, కొందరు ఖైదీలయ్యారు, కొందరు అడవులు పట్టారు. ఈ తీరు లండనులోని డైరెక్టర్లకే రుచించలేదు. మాట ఇచ్చి తప్పినట్లున్నదని వారు ఆక్షేపించారు. పాళెగాళ్ళ బలం ఉన్నంతవరకు రైతుకు నిలకడ లేదని మన్రో సమాధానం.

రైతు! మన్రో పేరు చెప్పగానే అందరూ తలచుకునేది ఈ మాటనే. బెంగాలులో కార్న్‌వాలిస్ జమీందార్లతో శాశ్వత పరిష్కారం చేశాడు. దత్త మండలాలలో మన్రో జమీందారును మధ్య నుండి తొలగించి, సర్కారు నేరుగా రైతుకు పట్టా ఇచ్చే పద్ధతిని స్థిరపరచాడు. దీనికి మొదటి ఆలోచన రీడ్‌ది, దానిని విస్తరించినది మన్రో. 1802 నుండి పొలం పొలాన్నీ గొలుసుతో కొలిచారు. 33 అడుగుల గొలుసు పట్టుకొని ఊరూరా తిరిగినవారు దేశీయులే. కొలిచిన నేలను మెట్ట, మాగాణి, తోట అని విడదీసి, మన్ను రంగును బట్టి, నీటి వసతిని బట్టి తరగతులు కట్టారు. రెడ్డి, కరణం సాక్ష్యం చెప్పాలి. రైతులు అభ్యంతరం చెప్పుకోవచ్చు. కలెక్టరు బంగళాలో కూర్చోక ఏడాదిలో అధిక భాగం డేరాలలో గడిపి ఊళ్ళు తిరిగాడు. ప్రజలు అతనిని చూశారు, అతనితో మాట్లాడారు. అధికారిని అంత దగ్గరగా చూడడం వారికి కొత్త.

అయితే శిస్తు ఎంత? ఇక్కడికి వచ్చేసరికి కథ మారుతుంది. మన్రో కట్టిన రేటు మొత్తం పంటలో నూటికి 45 వంతుల వరకు వచ్చేది. మధ్యలో వానలు తప్పి కరవు వచ్చింది. అయినా ఏడేళ్ళలో సీమ రాబడి దాదాపు సగం పెరిగింది. మరాఠాలతో పోరాడే కంపెనీకి ఆ డబ్బు కావాలి. ఆ సంగతి మన్రోకు తెలుసు. పన్ను ఎక్కువని తెలిసే వసూలు చేశాడని అతని కాగితాలే చెబుతున్నాయి. 1807 ఆగస్టులో, సీమను విడిచి వెళ్ళబోతూ, శిస్తులో నాలుగో వంతు తగ్గించాలనీ, మొత్తం పంటలో మూడో వంతు కంటే ఎక్కువ తీసుకోరాదనీ, రైతుకు ఇష్టం లేని నేలను వదులుకొనే స్వేచ్ఛ ఉండాలనీ సిఫారసు చేశాడు. పై అధికారులు ఒప్పుకోలేదు. అతడు ఇంగ్లండుకు వెళ్ళాక రైత్వారీనే పక్కన పెట్టి ఊళ్ళను మూడేళ్ళ గుత్తకు, ఆ తరువాత పదేళ్ళ గుత్తకు వేలం వేశారు. గుత్తదార్లలో ఎందరో చితికిపోయారు, జైళ్ళ పాలైనవారూ ఉన్నారు. తగ్గింపు అమలు కావడానికి మన్రో స్వయంగా మద్రాసు గవర్నరయ్యే దాకా ఆగవలసి వచ్చింది. రైతు నుండి తీసుకున్నది వెంటనే తీసుకున్నారు, వదలవలసినది మాత్రం పదేళ్ళకు పైగా ఆలస్యమైంది.

ఇనాముల విషయంలో అతడు కొంత జాగ్రత్తగా నడిచాడు. గుళ్ళకు, మసీదులకు, దర్గాలకు, ఖాజీలకు, ఊరి పనివాళ్ళకు పాత ప్రభువులు ఇచ్చిన మాన్యాలు దత్త మండలాలలో అపారం. వాటినన్నిటిని లెక్కలకు ఎక్కించాడు గాని, తొందరపడి లాగుకోలేదు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం నుండి మన్రోతో మాట్లాడాడనీ, అందువల్లనే మఠం భూములను అతడు ముట్టుకోలేదనీ జనం చెప్పుకునే కథ ఈ సందర్భంలోనిదే. ఆ కథ నమ్మినవారిది వారి విశ్వాసం. చరిత్రకు అక్కరకు వచ్చే అంశం వేరొకటి ఉన్నది. ఆ మంచాల గ్రామాన్ని స్వామికి ఇచ్చినవాడు ఆదోని పాలకుడు సిద్దీ మసూద్ ఖాన్ అని ఆ సంప్రదాయమే చెబుతున్నది. ఆదోని జామియా మసీదును కట్టించినవాడు కూడా ఆయనే. మన్రో మాన్యాన్ని నిలబెట్టాడని చెప్పేవారు, మాన్యం ఇచ్చిన చేతిని కూడా చెప్పుకోవడం న్యాయం.

1814లో న్యాయ సంస్కరణల సంఘానికి అధిపతిగా మన్రో తిరిగి వచ్చాడు. గ్రామ మునసబులకు, పంచాయతీలకు చిన్న తగాదాలు తీర్చే అధికారమిచ్చే 1816 నిబంధనలు ఆ సంఘం కృషి ఫలితమే. మరుసటి ఏడాది మరాఠా యుద్ధం రాగా మళ్ళీ కత్తి పట్టాడు. కొద్దిపాటి సైన్యంతో, స్థానికంగా చేర్చుకున్న బంట్రోతులతో దక్షిణ మరాఠా ప్రాంతాలను గెలిచాడు. ఆ హడావిడిలోనే, 1817 ఆగస్టు 12న, గవర్నర్ జనరల్ హేస్టింగ్స్‌కు ఒక ఉత్తరం రాశాడు. హైదరాబాదు చరిత్ర చదివేవారు తప్పక తెలుసుకోవలసిన ఉత్తరమది.

సంస్థానాలలో కంపెనీ సైన్యాన్ని ఉంచే విధానాన్ని, అనగా దత్త మండలాలను కంపెనీకి సంపాదించి పెట్టిన విధానాన్నే, అందులో అతడు తప్పు పట్టాడు. ఈ దేశంలో చెడ్డ ప్రభువుకు విరుగుడు తిరుగుబాటు, లేదా దర్బారులోనే జరిగే మార్పు. బయటి సైన్యం గద్దెను కాపాడుతున్నప్పుడు ప్రజలకు ఆ విరుగుడు ఉండదు. ప్రభువుకు ప్రజల భయమూ ఉండదు, మంత్రికి ప్రభువు భయమూ ఉండదు. పై వర్గాలలో పౌరుషం చస్తుంది, కింది వర్గాలకు పేదరికం మిగులుతుంది. అతని వాదన సారం ఇది. ఇంకొక మాట కూడా అన్నాడు. కంపెనీ పాలనలో ప్రాణానికి, ఆస్తికి రక్షణ ఉండవచ్చు, కాని దేశీయుడు సైన్యంలో సుబేదారును మించి ఎదగలేడు, సివిలు కొలువులో చిన్న ఉద్యోగాన్ని దాటలేడు. సంస్థానాలలోనైతే రాజ్యమేలే పదవుల దాకా ఎదగగలడు.

హైదరాబాదులో జరిగినది అక్షరాలా అదే. చందూలాల్ కాలంలో విలియం పామర్ కంపెనీ అప్పుల కింద ఖజానా కుంగింది. దత్త మండలాలను మింగిన సైన్యం గాక హైదరాబాదు కాంటింజెంట్ అని మరొకటి పుట్టింది. దాని బాకీ కింద 1853లో బేరారు పోయింది. సాలార్ జంగ్ వచ్చి 1865లో జిలాబందీ చేసి, గుత్తలను తొలగించి రాజ్యాన్ని ఒడ్డుకు చేర్చే ప్రయత్నం చేశాడు. అయినా జాగీర్లు 1949 దాకా నిలిచే ఉన్నాయి. దత్త మండలాలలో మన్రో నూటయాభై ఏళ్ళ క్రితం తొలగించిన మధ్యవర్తి, ఇవతల అంతకాలం బతికాడు. ఆ మధ్యవర్తిని బతికించినది కొంతవరకు కంపెనీ సైన్యమేనన్నది మన్రో ఉత్తరం చదివితే అర్థమవుతుంది.

1820 జూన్‌లో మన్రో మద్రాసు గవర్నరయ్యాడు. 1822లో రాజధాని జిల్లాలన్నిటిలోని బడుల లెక్క తీయించాడు. 1826 నాటికి తేలిన సంఖ్య 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు, జనాభా కోటీ ఇరవై ఎనిమిది లక్షలు. ఇళ్ళలో చదువుకునేవారు ఈ లెక్కలోకి రారని అతడే గుర్తించాడు. కలెక్టరేటుకు రెండు పెద్ద పాఠశాలలు, ఒకటి హిందువులకు, ఒకటి ముస్లిములకు, తాలూకాకొక చిన్న బడి పెట్టాలని ప్రతిపాదించాడు. పెద్ద బడి పంతులుకు నెలకు 15 రూపాయలు, చిన్న బడి పంతులుకు 9. ముస్లిముల చదువుకు సర్కారు సొమ్ముతో విడిగా ఏర్పాటు ఉండాలని అంత ముందుగా ఆలోచించిన అధికారులు అరుదు. అతడు పోయిన తరువాత ఆ ఏర్పాటు సాగలేదు.

1824 డిసెంబరు 31న రాసిన దీర్ఘ నివేదికలో మన్రో తన మనసు విప్పాడు. ఈ దేశాన్ని గెలిచిన ఇతర పాలకులు ఇంతకంటే కఠినంగా ప్రవర్తించి ఉండవచ్చు గాని, జాతినంతటినీ నమ్మరానిదిగా, ఏ బాధ్యతకూ తగనిదిగా ఇంతగా అవమానించినవారు లేరని అతడు ఒప్పుకున్నాడు. ముస్లిం పాలనను దుష్పాలన అని వర్ణించడమే విధిగా పెట్టుకున్న ఆనాటి కంపెనీ వాఙ్మయంలో ఈ ఒప్పుకోలు చిన్నది కాదు. దేశీయులకు పెద్ద పదవులు ఇవ్వాలనీ, వారు తమను తామే పాలించుకోగల రోజు వస్తే బ్రిటిషు అధికారం క్రమంగా తప్పుకోవడం ఇరు దేశాలకూ మేలనీ రాశాడు.

ఆ మనిషే 1822లో పత్రికా స్వాతంత్ర్యాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. అచ్చు స్వేచ్ఛగా సాగితే అది ముందుగా దేశీయ సిపాయిల చెవిన పడుతుందనీ, సైన్యం చేజారితే రాజ్యమే చేజారుతుందనీ అతని భయం. మంచి రోజు రావాలి, కాని దానిని తెచ్చే మాట ముందుగా ఎవరి నోటా రాకూడదు. బడి పెట్టమన్నవాడు పత్రిక వద్దన్నాడు. పొల్లిలూరు నుండి తిరుగుముఖం పట్టిన ఆ కుర్ర సిపాయి గవర్నరు కుర్చీలో కూడా తుపాకి దించలేదు.

1827లో సెలవు తీసుకొని స్వదేశం వెళ్ళేముందు పాత జిల్లాలను ఒకసారి చూడాలని మన్రో బయలుదేరాడు. జూలై 6న పత్తికొండలో కలరా సోకి ఆ రోజే మరణించాడు. గుత్తిలో ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. సీమ ప్రజలు అతనిని మాండవ్య ఋషి అన్నారు, పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. డేరాలో కూర్చొని ఫిర్యాదు విన్న కలెక్టరు వారికి గుర్తున్నాడు. నూటికి 45 వంతుల లెక్క వేసిన కలెక్టరు, వేలంపాటల నాటి అధికారుల పక్కన నిలబడగానే, మెరుగ్గా కనిపించి ఉంటాడు.

అతడు కట్టిన ఏర్పాటులో ఆరని నిప్పులు మాత్రం తరువాత రాజుకున్నాయి. పేష్కష్ కంపెనీకి దఖలు పడిన కర్నూలులో, నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు సమకూర్చుకున్నాడనే ఆరోపణపై 1839లో అతనిని తొలగించి తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి ఏడాది అక్కడే అతని జీవితం ముగిసింది. సంస్థానం కంపెనీలో కలిసిపోయింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచాడు. అతడు నొస్సం పాళెగాని దౌహిత్రుడు. తన వంతుకు వచ్చే పింఛను నెలకు 11 రూపాయల చిల్లర. తాతగారి వైపు ఆగిపోయిన పింఛనులో వాటా అడగబోతే కోయిలకుంట్ల తహసీలుదారు అవమానించాడు. ఆ జూలైలోనే కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగింది. 1847 ఫిబ్రవరి 22న అతనిని ఉరి తీసి, తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. అది 1877 దాకా అక్కడే ఉన్నదని ఆ ప్రాంతంవారు చెబుతారు.